చావింటి పడుగు

పోయిన వారం సంధ్యను మునుగోడు బస్సులో, ఒడిలో ఒక పాత రుమాలుతో కూర్చోబెట్టి నేను నా దారిన వెళ్ళిపోయాను. అందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళున్నారట. తిట్టండి, తప్పు లేదు. కానీ ఈ కథలోకి ఇవాళే అడుగు పెడుతున్నవాళ్ళు కూడా ఉంటారు కదా. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి అప్పుడు బస్సు దిగుదాం.

సంధ్య నల్గొండలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. వాళ్ళ బాపు నరహరి కోర్టు రికార్డు గదిలో ముప్పై రెండేళ్ళు పాత ఉర్దూ కాగితాల మధ్య గడిపి రిటైరయ్యాడు. ఆయన ముత్తాత వెంకటరాజం. నేతింట్లో పుట్టి, తొమ్మిదో ఏట మగ్గం మీది నాడె వదిలి కలం పట్టి, పారసీ నేర్చి, గుమాస్తాగా చేరి, నల్గొండకే మున్సిఫుగా వచ్చి, చివరికి 1889లో నిజాం రాజ్యపు పెద్ద అదాలతులో న్యాయమూర్తిగా కూర్చున్నాడు. ఆ అదాలతు మీద ఇంక అప్పీలు లేదు. ఆయన పేరుతో నేత సంఘంవాళ్ళు నల్గొండలో భవనం కట్టించారు, ముందర విగ్రహం పెడుతున్నారు. రేపు పొద్దున పదింటికి ముసుగు తీస్తారు. సభలో ఆయన గురించి మాట్లాడవలసింది సంధ్య.

పెద్ద అదాలతుకు ఆయన్ను సిఫారసు చేసిన అధికారి ఒకే ఒక్క గొప్ప రాశాడు: సొంత అన్నను సైతం విడిచిపెట్టని మనిషి. ఆ అన్న చెన్నయ్య. సావుకారు కొట్టులో నూలు దొంగిలించి రుమాళ్ళు నేశాడని 1884లో కేసు. ఆ నూలు కలిసిందని అంగడిలో పట్టుకున్న రుమాలు ఎవరి మగ్గం మీదిదో ఎవరూ తేల్చలేకపోతే, తీర్పు చెప్పవలసిన వెంకటరాజమే దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది మా ఇంటిది అన్నాడు. మూడేళ్ళు కఠిన శిక్ష వేశాడు. చెన్నయ్య రెండో ఏడు జైల్లోనే కన్నుమూశాడు.

నరహరి ఇంట్లో తరతరాలుగా పెట్టెలో దాచి దండం పెట్టుకుంటున్న ఎర్ర రుమాలు, నియామకం రోజున న్యాయమూర్తికి కప్పినదని అందరూ అనుకునే రుమాలు, నిజానికి ఆ కేసులో సాక్ష్యంగా పెట్టినదని సంధ్యకు పోయిన వారం తెలిసింది. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న తీర్పు నకలులో కొలతలున్నాయి, మూలన ఉన్న గుర్తు ఉంది. రెండూ సరిపోయాయి. అందుకే ఆమె ఇవాళ చెన్నయ్య ఇంటికి బయలుదేరింది. నరహరి వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి తనూ బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. దారిపొడుగునా కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు.

గట్లపాకలో బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. చెన్నయ్య మునిమనుమడి భార్య ఉప్పలమ్మది వీధి చివరి ఇల్లు. ఎనభై దగ్గర పడినా ఆమె ఇంకా చిటికి కడుతుంది. నూలు పోగుల్ని చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు చుట్టి ముడి వేయడమే చిటికి. ఆ పనిలో చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆమెను మించిన చెయ్యి లేదు.

వాళ్ళు వెళ్ళేసరికి గోడ ఆనుకుని ఉన్న పక్కింటి కోడలు మల్లిక, కట్టడానికి నూలు తెచ్చి అరుగు మీద తరాజు పెట్టి తూస్తోంది. ఉప్పలమ్మ చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. ఆ ఊళ్ళో ఏ ఇంటికైనా నూలు కట్టల లెక్కన ఇచ్చి కట్టల లెక్కన తీసుకుంటారు. ఈ ఒక్క ఇంటికి మాత్రం తూచి ఇస్తారు, తూచి తీసుకుంటారు. ఎందుకని అడిగితే మల్లికకు కూడా తెలియదు. వాళ్ళ అత్త చేసింది, ఆమె అత్త చేసింది. ఊరివాళ్ళు ఈ ఇంటిని దొంగిల్లు అంటారు, మొహం మీద కాదనుకోండి.

"రెండు కిలోల మూడు వందల గ్రాములున్నది అవ్వా. జర సూసుకో" అంది మల్లిక.

"సూసిన బిడ్డా. పో" అంది ఉప్పలమ్మ.

నరహరి ఆ తరాజు వైపు చూడలేక ఇంటి చూరు వైపు చూశాడు. మల్లిక వెళ్ళిపోయాక ఉప్పలమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "ఏం నరహరీ, ఇన్నేండ్లకు మా గడప యాదికొచ్చిందా?" అంది.

"రేపు ఇగ్రహం పెడుతున్నం వదినె. కార్డు పంపిన గదా, అందలేదా?"

"అందింది. మాయన బతికుంటె సూపిస్తుంటి. ఆయన ముత్తాతను జైలుకు పంపినాయనకు దండెయ్యనీకి రమ్మన్నరని."

సంధ్య ముందుకు వచ్చి, "పెద్దమ్మా, నీకొకటి సూపిద్దామని వచ్చిన. సూసి ఏమున్నదో చెప్పు. నాకు పుస్తకాలే ఎరుక, గుడ్డ ఎరుక లేదు" అని సంచిలోంచి రుమాలు తీసింది.

"సంధ్యా, ఒద్దు" అన్నాడు నరహరి. "వంద యేండ్ల గుడ్డ అది, చినుగుతది. ఆమెకు కండ్లు గుడ సక్కగ కనవడయి. రేపు పెట్టుకోని గిదేం పని బిడ్డా?"

"ఏంది గది?" అంది ఉప్పలమ్మ.

"చెన్నయ్య తాత కేసుల సాక్ష్యం పెట్టిన రుమాలు" అంది సంధ్య.

ఉప్పలమ్మ వెంటనే ముట్టుకోలేదు. పుట్టింటి నుంచి ఈ ఇంటికి వచ్చిన అరవై ఏళ్ళలో ఆమె ఈ గుడ్డ గురించి వినని రోజు లేదు, చూసిన రోజు లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. నులక మంచం మీద దుప్పటి పరిపించి, దాని మీద రుమాలు పరవమంది. రెండు గజాల గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు. ఒక సగం ఇప్పటికీ నిన్న అద్దకం తీసినట్టే ఉంది. రెండో సగం మాత్రం వెలిసి ఇటుక పొడి రంగులోకి దిగిపోయింది.

ఉప్పలమ్మ అద్దాలు పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. గళ్ళ అంచుల మీద చూపుడు వేలు మెల్లగా జరుపుతూ పోయింది. మూలకు వచ్చి ఆగింది. అక్కడ నాలుగు చుక్కలుండవలసిన చోట మూడే ఉన్నాయి.

"మా ఇంటిదే. గీ మూల ఒక సుక్క ఇడిసిపెడుతం. మా అత్త నాకు నేర్పింది, మా అత్తకు వాళ్ళత్త. గిది పెద్దవ్వ చేతి చిటికి, చెన్నయ్య వాళ్ళ అమ్మది" అంది. అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది. "ఇగ ఏమున్నది బిడ్డా? తీర్పు చెప్పినాయన సక్కగనే చెప్పిండు. మాదే దొంగిల్లు."

ఈ ఒక్క మాట చెప్పించడానికా ఇంత దూరం వచ్చానని సంధ్యకు ఏడుపొచ్చింది. నరహరి మొహంలో మాత్రం పొద్దుటి నుంచి లేని తేట కనిపించింది. "నేను చెప్తనే ఉన్న గదా. మడత పెట్టుండ్రి, మూడింటి బస్సు దొరుకుతది" అని గబగబా రుమాలు అంచు పట్టుకుని ఎత్తాడు.

ఎత్తడమే అతను చేసిన పొరపాటు. రుమాలు వాకిలి వెలుగులోకి వచ్చింది. ఉప్పలమ్మ చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. గీ సగం గిట్లెట్ల వెలిసింది?"

"ఎండకు" అన్నాడు నరహరి.

"ఏడ పెట్టిన్రు ఇన్నొద్దులు?"

"పెట్టెల."

"పెట్టెల ఎండ యాడికెళ్ళి వచ్చింది నరహరీ?"

ఉప్పలమ్మ మళ్ళీ అద్దాలు పెట్టుకుంది. ఈసారి ఆమె వేలు గళ్ళ అంచుల మీద కాదు, రంగు మారిన గీత మీద తిరిగింది. నిలువు పోగుల్ని వేలితో విడదీసి చూసింది, అడ్డం పోగుల్ని విడదీసి చూసింది. చాలాసేపు చూసింది. వాకిట్లో కోడి ఒకటి నూలు తుక్కు కెలుకుతుంటే కూడా అదిలించలేదు.

"బిడ్డా, నిలువు పోగు పడుగు. గది ఈ కొస నుంచి ఆ కొస దాక ఎర్రగనే ఉన్నది, సూడు. వెలిసింది అడ్డం పోగు, పేక. గది గుడ ఈ సగంలనే" అంది. "గీ రుమాలుకు నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్ళల పదిహేనొద్దులు నానేస్తం. నూనె పడితె ఎరుపు సచ్చినా పోదు. నూనె పట్టని పోగుకు రంగు అద్దితె అప్పటికి మంచిగనే ఉంటది, మనిషికి తేడా తెల్వది. నాలుగైదేండ్లకు దిగుతది. గీ సగంల పేక నూనె పట్టింది కాదు. మా ఇంటి పోగు కాదు."

"అంటే?" అంది సంధ్య.

"అంటే సగం మా మగ్గం మీద నేసిన్రు, సగం ఇంకెవలో నేసిన్రు."

"ఒక్క పడుగును ఇద్దరెందుకు నేస్తరు పెద్దమ్మా?"

ఉప్పలమ్మ సంధ్య వైపు తిరిగి, "పెద్దవ్వ ఎప్పుడు పోయింది? నీ కాగితాలల్ల ఉన్నదా?" అని అడిగింది.

ఉంది. వెంకటరాజం ఉద్యోగపు చిట్టాలో ఆయన పెట్టిన సెలవులన్నీ ఉన్నాయి. సంధ్య ఫోన్లో తీసుకున్న ఫోటో తెరిచింది. "తల్లి పోయినందుకు ఒక్క రోజు సెలవు. మన లెక్కల 1884 ఫిబ్రవరి ఆరు. దహనం చేసి తెల్లారే కచ్చేరికి పోయిండు."

"గుడ్డ ఎప్పుడు దొరికింది?"

"ఫిబ్రవరి పదిహేను."

ఉప్పలమ్మ వేళ్ళు మడిచింది. తొమ్మిది రోజులు. మైల పదకొండు రోజులు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. నరహరి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"మా వాడకట్టుల ఒక రివాజు ఉన్నది బిడ్డా, ఇప్పుడు ఎవ్వలు చేస్తలేరు గని నేను వచ్చినప్పుడు ఉండె" అంది ఆమె. "చావింట్ల సగం నేసిన పడుగు ఉండొద్దు. పక్కింటాయన వచ్చి దించుకపోయి ఆయన మగ్గం మీద నేసిపెడతడు. పోయినామె పేక నూలు సుట్టిన కండెలు మాత్రం ఆమెతోని కాటికి పోతయి. గందుకనే పేక ఆయనదే పెట్టుకోవాలె. అంగడికి గుడ ఆయనే పంపుతడు, చావింటోళ్ళు గడప దాటరు గదా. దొంగ నూలుంటె గా పేకల్నే ఉంటది. గట్ల నేసినాయన పేరు ఆ ఇంటోళ్ళు ఎన్నడు నోటెంబడి తియ్యరు. గది చేబదులు అప్పు కాదు, గంతకంటె పెద్దది."

తీర్పు నకలులో సంధ్య పదిసార్లు చదివి పదిసార్లూ దాటిపోయిన వాక్యం ఒకటుంది. ఇప్పుడు సంచిలోంచి తీసి పైకి చదివింది: "నిందితుణ్ణి మూడుసార్లు అడిగాము. నిందితుడు న్యాయస్థానం మొహం చూస్తూ నిలబడ్డాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటున్నాము."

"మాట్లాడడు" అంది ఉప్పలమ్మ. కన్నీళ్ళు చెంపల మీదుగా దిగి రవిక మీద పడుతున్నా తుడుచుకోలేదు. "ఎట్ల మాట్లాడతడు? తమ్ముడు నేతింట్ల పుట్టినోడు. అమ్మ సచ్చిన తొమ్మిదో రోజు గుడ్డ అది. వానికి ఎరుకే ఉంటది, నేను నోరు తెరిసి పక్కింటాయనను పట్టియ్యాల్సిన పని లేదనుకున్నడు. మొకం సూసుకుంట నిలబడ్డడు, ఇప్పుడు చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని. తొమ్మిదేండ్లకు మగ్గం ఇడిసినోనికి చావింటి పడుగు సంగతి ఏమెరుక నాయినా!"

చెన్నయ్య అలా ఎంతసేపు నిలబడ్డాడో ఏ కాగితంలోనూ లేదు. నూట ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంటివాళ్ళు ఆయన మౌనానికి తలదించుకుని బతికారు. నోరు తెరవలేదంటే చేసే ఉంటాడని కొడుకులు కూడా నమ్మారు, మనుమలు కూడా నమ్మారు. నాకు ఆ తీర్పు కన్నా ఈ నమ్మకమే ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

"పక్కిల్లంటే..." అని సంధ్య గోడ వైపు చూసింది. ఆ గోడ అవతల మల్లిక వాళ్ళిల్లు. ఎప్పటినుంచో అదే ఇల్లు, అదే వంశం. నూలు తూచే తరాజు అక్కడి నుంచే వస్తుంది.

ఉప్పలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒద్దు. ఆయన చెప్పలె. నేను చెప్త? నువ్వు గుడ చెప్పొద్దు." తర్వాత నరహరి వైపు తిరిగింది. "నాకేం ఒద్దు నరహరీ. మీ ఇగ్రహం మీరు పెట్టుకోండ్రి, దండలేసుకోండ్రి. రేపు సభల మైకు పట్టుకోని ఒక్క మాట చెప్పు, చెన్నయ్య దొంగ కాదని. నువ్వే చెప్పాలె, సంధ్య కాదు. నా ఇంటికి నూలు తూసకుంట లెక్కపెట్టి ఇయ్యంగ సూసి కన్ను మూస్త."

నరహరి తల వంచుకుని కూర్చున్నాడు. "ఒక ముసలామె గుడ్డ సూసి చెప్పిందంటె ఎవలు నమ్ముతరు వదినె?" అన్నాడు. "కాగితం కావాలంటరు. కోర్టు సంగతి గది, ఉత్త మాట నడువది."

"కాగితం లేదు గదా బాపూ" అంది సంధ్య.

అతను కూతురి మొహంలోకి చూడలేదు. అందుకే ఆమెకు అనుమానం వచ్చింది. ముప్పై రెండేళ్ళు కాగితాలు కాపలా కాసిన మనిషి అతను. ఉన్నదాన్ని లేదని చెప్పడం అతనికి చేతకాదు. సంధ్య వచ్చి అతని ముందు నేల మీద కూర్చుంది.

"బాపూ, ఉన్నదా?"

"ఉన్నది" అన్నాడు నరహరి.

తన తండ్రి చనిపోయిన ఏడాది పెట్టె సర్దుతుంటే రుమాలు మడతల్లో దొరికిందని చెప్పాడు. ఉర్దూలో రాసిన ఒక పేజీ. వెంకటరాజం దస్తూరి, కింద సంతకం. ఇంట్లో ఉర్దూ చదవగలిగినవాడు తనొక్కడే. నలభై రెండేళ్ళుగా అందులోని ప్రతి మాటా కంఠతా ఉంది.

"ఏమని రాసిండు?" అంది ఉప్పలమ్మ.

"రుమాలు ఒక సగం వెలిసింది. ఇది నూనె పట్టని నూలు. మా అమ్మ నూనె పట్టని పోగును ముట్టదు. ఆ రోజు నేను మా అమ్మ చెయ్యి చూశాను, చూసి అక్కడే ఆగిపోయాను, ఇంకేదీ చూడలేదు. మా అన్న నిర్దోషి. కేసు మళ్ళీ తెరిపించి, నా తీర్పును కొట్టివేయించవలసిందిగా కోరుతున్నాను." నరహరి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. చెప్పి ఊపిరి పీల్చుకున్నాడు. "రాసిన తారీకున్నది. తెల్లారి తారీకు పెద్ద అదాలతుకు ఆర్డరు వచ్చింది. పంపలె."

ఉప్పలమ్మ అతన్నే చూస్తోంది. "ఆయన ఒక్క రోజుల నోరు మూసుకున్నడు. నువ్వు నలభై రెండేండ్లు మూసుకున్నవా?"

"నాకు ఆయన తప్ప ఇంకేమున్నది వదినె?" అన్నాడు నరహరి. "దుమ్ము తిన్న గుమాస్తను నేను. జడ్జిలకు ఫైళ్ళు మోసిన, చాయ మోసిన. వెంకటరాజం మునిమనుమడు అన్ననాడే నలుగురు లేసి కుర్సీ ఏసిన్రు. గా కాగితం బయట పెడితె నేనెవల్ని?"

సంధ్యకు తండ్రి మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. "ఎక్కడున్నది బాపూ ఇప్పుడు?"

"చింపనీకి పాణం ఒప్పలె. ఇంట్ల ఉంటె నా తర్వాత నువ్వు సదివిస్తవని భయమైంది. నిన్న రాగి డబ్బల పెట్టి ఇగ్రహం గద్దెల దించిన. కాంక్రీటు పోసేటప్పుడు. ఎవ్వలికి తెల్వది."

అప్పుడు ఉప్పలమ్మ లేచి, దండెం మీది చీర తీసి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంది. "నడువుండ్రి. బస్సుతోని కాదు, ఆటో పిలువు బిడ్డా" అంది.

"నిన్న పోసిన కాంక్రీటు ఇంక సక్కగ గట్టిపడి ఉండదు. గద్దె మీద రాళ్ళు అతికిస్తె మాత్రం పగలగొట్టాల్సిందే" అంది సంధ్య. ఫోన్లో మేస్త్రీ నంబరు తీసి, మోగించి, తండ్రి చేతిలో పెట్టింది. "నేను చెప్పను బాపూ. నువ్వే చెప్పు."

అవతల రాయి కోసే మిషను చప్పుడు. "సారూ, చెప్పుండ్రి" అన్నాడు మేస్త్రీ అరిచినట్టు. "ఆఖరి రాయి చేతుల పట్టుకోని ఉన్న. గిది పెడితె గద్దె అయిపోయినట్టే. పెట్టాల్నా?"

ఉప్పలమ్మ గడప బయట నిలబడి ఉంది. ఆమె ఏమీ అడగలేదు. నరహరి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"హలో, సారూ? పెట్టాల్నా, ఒద్దా?"

నరహరి నోరు తెరిచాడు.